రోగిని అడగకుండా రోగికి మేలు చేయవచ్చునా?

గత నెల ఈ శీర్షికలో ఆసుపత్రుల నాణ్యత గురించి నాలుగు మాటలు రాసి, మీ అనుభవాలు పంపమని అడిగాను. వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఆసుపత్రుల లోపల పనిచేసేవారు రాసినవే. ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రులలో మత్తు డాక్టరుగా పనిచేసి, చివరి ఎనిమిదేళ్లు ఒక పక్క నాణ్యతా కమిటీలోనూ మరో పక్క, రోగులపై జరిగే పరిశోధనలు ధర్మంగా ఉన్నాయో లేదో చూసే ఎథిక్స్ కమిటీలోనూ కూర్చున్నదాన్ని కనుక ఆ ఉత్తరాలలోని మథనం నాకు కొత్తది కాదు. వైద్యాన్ని మెరుగుపరిచే ప్రయత్నం కూడా చివరికి రోగి ఒంటి మీదే జరుగుతుంది కాబట్టి చికిత్సకు ఏ ధర్మం ఉందో దానికీ అదే ధర్మం ఉంటుందని నా నమ్మకం. ఐదు ఉత్తరాలు ఎంచుకున్నాను. రాసినవారి పేర్లూ ఆసుపత్రుల పేర్లూ తీసేశాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మెడ దగ్గరి పెద్ద సిరలోకి వేసే సెంట్రల్ లైన్ల వల్ల ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా వస్తున్నాయని మా యూనిట్‌లో ఒక చెక్‌లిస్ట్ మొదలుపెట్టారు. లైన్ వేసేటప్పుడు డాక్టరు ఏ ఒక్క మెట్టు తప్పినా నర్సు ఆపాలని అందులో నియమం. ఇది రోగుల మీద ప్రయోగమేననీ, వాళ్ల అంగీకారం లేకుండా చేయకూడదనీ ఒక సీనియర్ సారు అంటున్నారు. ఈ లెక్కలతో ఒక పేపరు రాసి జర్నల్‌కు పంపుదామని మరో మేడమ్ అంటున్నారు. మొన్న రాత్రి "సార్, గౌను వేసుకోలేదు" అన్నందుకు అందరి ముందూ మాటలు పడ్డాను. ఎవరి మాట న్యాయం?
— ఒక స్టాఫ్ నర్సు, ఉమ్మడి ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీ సీనియర్ సారు లేవనెత్తిన ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఈ చెక్‌లిస్ట్ విషయంలోనే, ఇదే ప్రశ్న మీద, అమెరికాలో పెద్ద వివాదం నడిచింది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ ప్రొనొవోస్ట్ అనే వైద్యుడు మిషిగన్ రాష్ట్రంలోని వందకు పైగా ఐసీయూలలో ఐదు పనుల జాబితాను అమలు చేయించాడు. చేతులు కడుక్కోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయడం, టోపీ, మాస్కు, గౌను, గ్లోవ్స్ వేసుకుని రోగి ఒళ్లంతా స్టెరైల్ గుడ్డ కప్పడం, వీలైనంత వరకు తొడ దగ్గరి సిర జోలికి పోకపోవడం, అవసరం తీరిన లైన్‌ను వెంటనే తీసేయడం. ఇంతే. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు, ఐదూ అప్పటికే పాఠ్యపుస్తకాలలో ఉన్నవే. మొదట్లో వెయ్యి లైన్-రోజులకు (ఒక రోగికి ఒక రోజు లైన్ ఉంటే ఒక లైన్-రోజు) 2.7గా ఉన్న మధ్యస్థ ఇన్‌ఫెక్షన్ రేటు మూడు నెలలు తిరిగేసరికి సున్నాకు దిగింది, అంటే కనీసం సగం యూనిట్లలో ఒక్క ఇన్‌ఫెక్షన్ కూడా లేని పరిస్థితి వచ్చింది. ఫలితాలు 2006 డిసెంబరులో అచ్చయ్యాయి. మరుసటి ఏడాది, మనుషులపై జరిగే పరిశోధనలలో వారి రక్షణను చూసే అక్కడి కేంద్ర ప్రభుత్వ కార్యాలయం, తనకు అందిన ఫిర్యాదు మీద విచారించి, ఇది పరిశోధనే తప్ప మరొకటి కాదని, తగిన ఎథిక్స్ సమీక్ష లేకుండా జరిగిందని తేల్చింది. వైద్యుల నుంచీ ప్రజల నుంచీ గట్టి నిరసన వచ్చాక, 2008 ఫిబ్రవరిలో ఆ కార్యాలయమే మెత్తబడి చెక్‌లిస్ట్ అమలును కొనసాగించుకోవచ్చని చెప్పింది.

చేతులు కడుక్కుని రమ్మంటారా అని రోగిని అడిగి, ఆయన సంతకం పెడితేనే కడుక్కోవడం ఎంత అసంబద్ధమో ఆలోచించండి. కడుక్కునే వస్తారన్న నమ్మకంతోనే ఆయన మన మంచం మీద పడుకున్నాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే పనికి విడిగా అంగీకారం అక్కరలేదు. పైగా చెక్‌లిస్ట్ లేనప్పుడు ఆ ఐసీయూలో జరుగుతున్నది ఏమిటి? ఒక్కో డాక్టరు ఒక్కో పద్ధతిలో లైన్ వేస్తుంటే, ఏ పద్ధతి వల్ల ఎవరికి జ్వరం వచ్చిందో లెక్క లేకుండా రోజులు గడిచిపోతున్నాయి. దానికి ఎవరూ ఎవరి అనుమతీ అడగలేదు. మార్పు తెచ్చినవాడిని మాత్రమే నిలదీసి, మార్పు లేకుండా కొనసాగే తప్పును ఎవరూ ప్రశ్నించకపోవడం న్యాయమని నేను అనుకోను.

అయితే మీరు రాసింది ఉమ్మడి ఖమ్మం నుంచి కాబట్టి, రెండో వైపు కథ మీ జిల్లాలోనే ఉందని గుర్తు చేయాలి. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు వేశారు. దాన్ని పరిశోధన అనలేదు, టీకా కార్యక్రమం ఎలా నడపాలో చూసే ప్రదర్శక ప్రాజెక్టు అన్నారు. ఖమ్మంలో ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన బాలికల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. అటువంటి పత్రాలు రెండు వేలకు పైగా ఉన్నాయి. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణలో దొరకలేదు. టీకా మంచిదే, నేటికీ అవసరమైనదే. కానీ అంగీకారం తీసుకున్న తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. మంచి టీకా పేరు వింటేనే ఆ ఊళ్లలో తల్లులు వెనక్కి జరిగే పరిస్థితి తెచ్చింది ఆ సంతకాలే అని నా అభిప్రాయం.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గీత ఎక్కడ ఉందో తెలుస్తుంది. మిషిగన్‌లో రోగికి అందింది ఏ రోగికైనా న్యాయంగా అందవలసిన వైద్యమే. ఖమ్మంలో ఆ పిల్లలకు అందింది అప్పటికి ప్రభుత్వ టీకాల పట్టికలో లేని కొత్త టీకా, పైగా కాదనే అవకాశం లేనిచోట వేసినది. మా కమిటీకి ఏ ప్రతిపాదన వచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే ఉండేది: మీ పని వల్ల ఈ రోగికి అదనంగా ఏదైనా భారం గానీ ముప్పు గానీ పడుతుందా, పడితే అది ఆయన కోసమా, మన లెక్క కోసమా? సగం మంది రోగులకు చెక్‌లిస్ట్ అమలు చేసి, తేడా చూడటానికి మిగతా సగానికి కావాలని ఆపితే అది పరిశోధన అవుతుంది. లెక్క కోసం అదనంగా రక్తం తీస్తే అదీ పరిశోధనే.

పేపరు రాయాలనుకున్నంత మాత్రాన పని స్వభావం మారిపోదు, కానీ రాసే ఉద్దేశం ఉంటే ముందే ఎథిక్స్ కమిటీకి చెప్పాలి. ఆసుపత్రిలో జరిగే నాణ్యతా ఆడిట్లకు సమీక్ష నుంచి మినహాయింపు ఇవ్వవచ్చని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే ఆ మినహాయింపును నిర్ణయించవలసింది కమిటీయే, పని చేసేవారు తమకు తామే ఇచ్చుకోకూడదు. లెక్కలు పూర్తయ్యాక కమిటీ ముందుకు వచ్చి వెనుక తేదీతో అనుమతి అడిగినవారిని నేను చాలామందిని చూశాను. మీ మేడమ్ ఆ దారి పట్టకుండా ఇప్పుడే ఒక పేజీ రాసి పంపమని చెప్పండి. రోగుల పేర్లు, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబర్లు ఆ లెక్కల్లోకి రాకుండా చూడండి. ఐసీయూ బయట బంధువులు కూర్చునే చోట, లైన్ల వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్లు తగ్గించడానికి మీ యూనిట్ ఏం చేస్తోందో తెలుగులో నాలుగు వాక్యాలు రాసి అంటించండి. సంతకం అక్కరలేని చోట కూడా చెప్పవలసిన బాధ్యత పోదు.

ఇక మీరు పడ్డ మాటల సంగతి. ఈ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. ఆ చెక్‌లిస్ట్‌లో అసలు బలం కాగితానిది కాదు, ఆపమని చెప్పే హక్కు నర్సుకు ఇవ్వడంలో ఉంది. మిషిగన్‌లో ఆ హక్కు వెనుక ఆసుపత్రి పెద్దలు నిలబడ్డారు. మీ యూనిట్‌లో అది నోటిమాటగా ఇచ్చినట్టుంది. నోటిమాటగా ఇచ్చిన హక్కు రాత్రి రెండు గంటలకు, ఒక్క నర్సు, ఒక కోపిష్టి డాక్టరు ఉన్నచోట నిలవదు. సూపరింటెండెంట్ సంతకంతో ఒక ఉత్తర్వు తీసుకుని దాన్ని లైన్ ట్రాలీ మీదే అంటించమని మీ హెడ్ నర్సు ద్వారా అడగండి. అది ఇవ్వలేకపోతే, నర్సును ముందు నిలబెట్టి వెనుక ఎవరూ లేకుండా చేసే ఈ నియమాన్ని తీసేయడమే మేలని కమిటీకి రాయండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. మా ఇంటావిడకు మోకీలు మార్పిడి ఆపరేషన్ చేయించాం. డిశ్చార్జి రోజు బిల్లు కట్టి కాగితాల కోసం కూర్చున్నప్పుడు ఒక అమ్మాయి ట్యాబ్ తెచ్చి, "అంకుల్, అన్నిటికీ ఐదే నొక్కండి, లేకపోతే మా జీతంలో కోత పెడతారు" అన్నది. నొక్కాను. ఆపరేషన్ అయిన రాత్రి నొప్పికి మందు కోసం మూడు గంటలు బెల్లు కొట్టినా ఎవరూ రాలేదని చెప్పాలనుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. నేను చేసింది తప్పేనా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, తప్పు మీది కాదు, ఆ అమ్మాయిదీ కాదు. రోగి ఇంకా తమ చేతిలో ఉండగా, డిశ్చార్జి సమ్మరీ ఇంకా బల్ల మీద ఉండగా అడిగే అభిప్రాయం అభిప్రాయమే కాదు. దానికి ఒక చిరుద్యోగి జీతాన్ని ముడిపెడితే, జాలి గుండె ఉన్న మీవంటివారు తమ ఇంటావిడ బాధను మింగేసి ఐదు నొక్కుతారు. అలా నొక్కిన ఐదులన్నీ కలిపి గోడ మీద బోర్డుగా వేలాడుతాయి, మరుసటి రాత్రి మరో ఆమె బెల్లు కొడుతూనే ఉంటుంది. ఇప్పుడైనా ఒక ఉత్తరం రాయండి. ఏ తేదీ, ఏ గది, ఎన్ని గంటలకు బెల్లు కొట్టారు, ఎన్ని గంటలకు వచ్చారు, అంతే రాయండి. విశేషణాలు అక్కరలేదు. ఆ రాత్రి ఆ వార్డులో ఎంతమంది రోగులకు ఎంతమంది నర్సులు ఉన్నారో లిఖితపూర్వకంగా చెప్పమని చివర ఒక్క వాక్యం చేర్చండి. ట్యాబ్ సంగతి కూడా రాయండి, కానీ ఆ అమ్మాయి పేరు రాయకండి.

ప్రశ్న: మా అమ్మాయికి తొలి కాన్పు. ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చాం. నొప్పులు మొదలయ్యాక పద్దెనిమిది గంటలు ఉంచారు. ఆపరేషన్ చేయండని నేను కాళ్లావేళ్లా పడ్డాను. "సిజేరియన్లు తగ్గించమని పైనుంచి ఆర్డర్లున్నయి, ఊకె కోయలేం" అని ఒక సిస్టర్ అన్నది. చివరికి బిడ్డ గుండె చప్పుడు తగ్గిందని ఆపరేషన్ చేసి, బిడ్డను మూడు రోజులు ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ పసికందులను చూసే ప్రత్యేక విభాగంలో) పెట్టారు. ఇప్పుడు ఇద్దరూ క్షేమం. కానీ లెక్క తగ్గించడానికి నా బిడ్డను వాడుకున్నారా అన్న అనుమానం నన్ను వదలడం లేదు.
— ఒక తల్లి, ఉమ్మడి కరీంనగర్ జిల్లా

జవాబు: చెల్లీ, కేస్ షీట్ చూడకుండా అవునని గానీ కాదని గానీ అంటే నేను మీకు అన్యాయం చేసినదాన్నవుతాను. తొలి కాన్పులో నొప్పులు పద్దెనిమిది గంటలు సాగడం అరుదేమీ కాదు, అది ఒక్కటే తప్పుకు గుర్తు కాదు. చూడవలసింది ఆ గంటలలో ఏం చేశారన్నది. కాన్పు ముందుకు సాగుతున్న తీరును గీతలుగా గీసే పార్టోగ్రాఫ్ అనే పటం ఒకటి ఉంటుంది. నొప్పులు బలంగా సాగే దశలో కనీసం అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు విని అందులో గుర్తు పెట్టాలి. ఆ గుర్తులు వరుసగా ఉంటే మీ అమ్మాయిని కనిపెట్టుకునే ఉన్నారని అర్థం. మధ్యలో నాలుగు గంటలు ఖాళీగా ఉంటే ప్రశ్నించే హక్కు మీకుంది. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గానీ అడిగితే 72 గంటలలో వైద్య రికార్డులు ఇవ్వాలి. మీ అమ్మాయి సంతకంతో దరఖాస్తు ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి.

పైనుంచి వచ్చిన ఒత్తిడికి కారణం ఉంది, అది మీరు కూడా తెలుసుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పులలో 21.5 శాతం సిజేరియన్లయితే, తెలంగాణలో 60.7 శాతం. ప్రైవేటు ఆసుపత్రులను విడిగా చూస్తే తెలంగాణలో 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం. ముహూర్తం చూసుకుని కోయించుకోవడం, నొప్పుల భయం, రాత్రంతా కనిపెట్టుకుని ఉండలేని డాక్టరు, బిల్లు, మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అన్న అలవాటు, ఇవన్నీ కలిసి ఇక్కడికి తెచ్చాయి. అవసరం లేని కోత వల్ల తల్లికి రక్తస్రావం, మాయ తరువాతి కాన్పులో గర్భాశయానికి అతుక్కుపోవడం వంటి ముప్పులు పెరుగుతాయి. వీటిని తగ్గించాలనుకోవడం ముమ్మాటికీ మంచిదే.

కానీ ఆ మంచి ఉద్దేశం వార్డులోకి వచ్చేసరికి ఒక అంకెగా మారిపోతుంది. నెలాఖరు సమీక్షలో అంకె ఎక్కువైతే చీవాట్లు, తక్కువైతే మెప్పు. అప్పుడు డ్యూటీ డాక్టరు మనసులో, నొప్పులు పడుతున్న మీ అమ్మాయి పక్కన ఆ సమీక్ష కూడా వచ్చి కూర్చుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక ప్రకటన చేస్తూ, ఫలానా శాతానికి చేరాలని పాకులాడటం కన్నా అవసరమైన ప్రతి స్త్రీకీ సిజేరియన్ అందేలా చూడాలని చెప్పింది. ఆ ప్రకటనతో పాటే రాబ్సన్ వర్గీకరణను వాడమని కూడా సూచించింది. అందులో గర్భిణులను పది వర్గాలుగా విడదీస్తారు. తొలి కాన్పు, నెలలు నిండి, ఒకే బిడ్డ, తల కిందికి ఉండి, నొప్పులు వాటంతట అవే వచ్చినవారు మొదటి వర్గం. ఇదివరకే సిజేరియన్ అయినవారు ఐదో వర్గం. రెండింటికీ ఒకే కొలబద్ద పెట్టకుండా, ఏ వర్గంలో అనవసరపు కోతలు జరుగుతున్నాయో చూడటానికి ఇది పనికొస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, సిజేరియన్లు ఎన్ని తగ్గాయో రాసే కాగితం మీదే, ఆ నెల ఎస్‌ఎన్‌సీయూకు వెళ్లిన బిడ్డలు ఎందరు, రక్తం ఎక్కించవలసి వచ్చిన తల్లులు ఎందరు అన్నది కూడా రాయాలి. ఒక అంకెను తగ్గిస్తూ పక్క అంకె పెరుగుతుంటే చూడనట్టు ఉండటాన్ని నేను నాణ్యత అనలేను.

ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్ ఆసుపత్రిలో 2005 నుంచి 2009 దాకా జరిగింది ఇలాంటిదే. ఖర్చు లక్ష్యాలు, అత్యవసర విభాగంలో నాలుగు గంటలకు మించి ఎవరూ ఎదురుచూడకూడదన్న లక్ష్యం పాలకుల ధ్యాసను పట్టేసుకుంటే, వార్డులలో వృద్ధులు మంచినీళ్లు ఇచ్చేవారు లేక అల్లాడారు. రాబర్ట్ ఫ్రాన్సిస్ నేతృత్వంలోని విచారణ 2013లో ఇచ్చిన నివేదికలో ఆ బాధలన్నీ నమోదయ్యాయి.

తెలంగాణలోనే దీనికి మెరుగైన దారి కూడా ఉంది. 2017లో కరీంనగర్‌లోనే నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. కాన్పు గదిలో తల్లి నడుము రాస్తూ, నడిపిస్తూ, ధైర్యం చెబుతూ పక్కనే ఉండే శిక్షణ పొందిన మనిషిని పెంచితే సిజేరియన్లు ఎవరూ ఆర్డరు వేయకుండానే తగ్గుతాయి. "ఊకె కోయలేం" అన్న మాటకు బదులు "బిడ్డ గుండె బాగుంది, ఇదిగో వినండి, మరో రెండు గంటలు చూద్దాం, తేడా వస్తే వెంటనే థియేటరుకు తీసుకెళ్తాం" అని ఎవరైనా చెప్పి ఉంటే మీరు ఈ ఉత్తరం రాసి ఉండేవారు కాదు.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. ఆసుపత్రి నాణ్యతకు గుర్తింపు ఇచ్చే తనిఖీకి పది రోజులే ఉంది. మూడు నెలల చేతుల శుభ్రత ఆడిట్ ఫారాలు ఖాళీగా ఉన్నాయి. ఈ వారంలో అన్నీ నింపేయమని మా పైవారు చెప్పారు. "అందరూ చేసేదే, దీనివల్ల ఎవరికి నష్టం?" అన్నారు. ఏం చేయాలి?
— ఒక ఉద్యోగిని, విజయవాడ

జవాబు: ఎవరికి నష్టమో చెబుతాను. నేను కమిటీలో ఉన్నప్పుడు ఒక వార్డు ఆడిట్ ఫారాలు నా ముందుకు వచ్చాయి. నెలంతా 98 శాతం. ప్రతి టిక్కూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, పైనుంచి కిందికి ఒక్క ఊపులో పెట్టినట్టు ఉన్నాయి. ఫ్యూమిగేషన్ (క్రిములను చంపే పొగ పెట్టడం) కోసం ఆ వార్డును మూసేసిన రెండు రోజులకు కూడా ఫారాలు నింపి ఉన్నాయి. ఆ వార్డు స్టోరు నుంచి ఏమేం తీసుకుందో చూపే ఇండెంటు తెప్పించాను. వెయ్యి రోగి-దినాలకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి-దినం) కనీసం 20 లీటర్ల హ్యాండ్‌రబ్, అంటే చేతులకు రాసుకునే క్రిమినాశక ద్రవం, ఖర్చు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కొలత పెట్టింది. ముప్పై పడకలు నిండుగా ఉన్న ఆ వార్డుకు నెలకు 900 రోగి-దినాలు, అంటే 18 లీటర్లు, అంటే అర లీటరు సీసాలు ముప్పై ఆరు. ఆ నెల వార్డు తీసుకున్నవి ఏడు సీసాలు. అప్పటికి మూడు వారాలుగా అదే వార్డులో ఆపరేషన్ పుండ్లు చీము పడుతుంటే, చేతుల శుభ్రత 98 శాతం ఉంది కదా అని అందరం మందులలో, థియేటరు నీళ్లలో కారణం వెతుకుతూ కూర్చున్నాం. అబద్ధపు అంకె ఆ రోగుల మూడు వారాలను తినేసింది. ఆ ఫారాలను నెలనెలా చూసి సంతకం పెట్టినవారిలో నేనూ ఉన్నాను.

1847లో వియన్నా జనరల్ ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, చేతులు సున్నపు క్లోరిన్ నీళ్లతో కడిగిస్తే బాలింతల మరణాలు తగ్గుతాయని చూపించిన సంగతి చాలామందికి తెలుసు. ఆ సంగతి ఆయనకు ఎలా తట్టిందో చూడండి. ఆ ఆసుపత్రిలో రెండు కాన్పు విభాగాలు ఉండేవి. 1846లో వైద్య విద్యార్థులు పనిచేసే మొదటి విభాగంలో నూటికి 11 మందికి పైగా, మంత్రసానులు పనిచేసే రెండో దానిలో నూటికి ముగ్గురి లోపు చనిపోయారు. ఈ తేడా రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాసి ఉండబట్టే ఆయన దాన్ని పట్టుకోగలిగాడు. పరువు పోతుందని ఆ విభాగం గుమాస్తా అంకెలు దిద్ది ఉంటే సెమ్మెల్‌వైస్‌కు ప్రశ్నే పుట్టేది కాదు.

కాబట్టి అమ్మా, ఆ ఖాళీ ఫారాలను ఖాళీగానే ఉంచండి. "ఈ మూడు నెలలు ఆడిట్ జరగలేదు, కారణం ఇది, ఫలానా తేదీ నుంచి మొదలుపెట్టాం" అని ఒక పేజీ రాసి తేదీ వేయండి. మిగిలిన పది రోజులూ నిజంగా ఆడిట్ చేయండి, 40 శాతం వస్తే 40 అనే రాయండి. తనిఖీకి వచ్చేవారు లోపాన్ని చూపి సరిదిద్దుకోవడానికి గడువు ఇస్తారు. కల్పించిన రికార్డు బయటపడితే మీ ఆసుపత్రి చూపే మరే కాగితాన్నీ వారు నమ్మరు. ఈ వాదన మీ పైవారికి అర్థమయ్యే భాషలోనే ఉంది, దీనితోనే మొదలుపెట్టండి. ఉద్యోగం వదులుకోమని మీకు చెప్పే హక్కు నాకు లేదు, ఇంటి పరిస్థితులు మీకే తెలుస్తాయి. ఆ ఆదేశాన్ని మాత్రం మెయిల్‌లో పంపమని మర్యాదగా అడగండి. చాలా ఆదేశాలు అక్కడే ఆగిపోతాయి.

ప్రశ్న: మేడమ్, నేను హౌస్ సర్జన్‌ని. షుగరు ఉన్న ఒక పెద్దావిడకు పది యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వవలసి ఉండగా, హడావిడిలో మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే వయల్‌లోని మందును, మిల్లీలీటరుకు 40 యూనిట్ల చొప్పున గీతలుండే సిరంజితో పది గీత దాకా తీసి ఇచ్చాను. చెమటలు పట్టి ఆమె సోలిపోయింది. వెంటనే గ్లూకోజు ఎక్కించాం, అరగంటలో తేరుకుంది. ఆమెకు గానీ వాళ్లబ్బాయికి గానీ ఏమీ చెప్పవద్దని సీనియర్లు అన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.
— ఒక హౌస్ సర్జన్

జవాబు: బాబూ, మీరిచ్చింది పావు మిల్లీలీటరు, అంటే 25 యూనిట్లు, కావలసినదానికి రెండున్నర రెట్లు. మన దేశంలో రెండు రకాల వయల్స్, రెండు రకాల సిరంజిలు పక్కపక్కనే ఉండబట్టి ఈ పొరపాటు ఎంతోమంది చేతుల మీదుగా జరుగుతోంది, రేపు మీ తరువాత డ్యూటీకి వచ్చే అమ్మాయి చేతి మీదుగా కూడా జరుగుతుంది. మీరు నోరు విప్పడానికి ఇదే మొదటి కారణం. 40 యూనిట్ల సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్ల దానికి నారింజ మూత ఉంటాయి. రెండూ ఒకే ట్రేలో కలిసి ఉన్నాయా లేదా మీ వార్డు సిస్టర్‌తో కలిసి వెళ్లి చూడండి. ఉంటే ఆ రోజే విడదీయించి, జరిగినదాన్ని ఇన్సిడెంట్ రిపోర్టుగా రాసి ఇవ్వండి.

వంద ఏళ్ల క్రితం బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ ప్రతి రోగికీ చివరికి ఏమైందో రాసి పెట్టాలని పట్టుబట్టి, పెద్ద ఆసుపత్రిలో కొలువు వదులుకున్నాడు. తన చిన్న ఆసుపత్రి నుంచి 1911–16 మధ్య వెళ్లిన 337 మంది రోగులలో 123 పొరపాట్లు జరిగాయని తానే అచ్చు వేయించాడు. ఆయన జీవించి ఉండగా మెచ్చుకున్నవారు తక్కువ. అయినా ఆసుపత్రులు తమ ఫలితాలను తామే కొలుచుకోవాలన్న ఆలోచనకు ఈనాడు అందరూ ఆయననే మూలపురుషుడిగా చెప్పుకుంటారు.

కేసు భయంతో మీ సీనియర్లు అలా అని ఉంటారు, వారి భయం నాకు తెలుసు. సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో, ప్రతి పొరపాటూ నేరం కాదనీ, ఘోరమైన నిర్లక్ష్యం ఉన్నప్పుడే క్రిమినల్ బాధ్యత వస్తుందనీ స్పష్టంగా చెప్పింది. కానీ చెప్పాలా వద్దా అన్నది చట్టం చూసి తేల్చుకోవలసిన సంగతి కాదని నేను అనుకుంటాను. ఆ ఒళ్లు ఆమెది. తనకు చెమటలు ఎందుకు పట్టాయో తెలియక, ఇన్సులిన్ అంటేనే పడదేమోనని ఇంటికి వెళ్లి మానేస్తే ఆమెకు జరిగే కీడు ఈ పావు మిల్లీలీటరు కన్నా ఎన్నో రెట్లు పెద్దది.

మీ యూనిట్ చీఫ్‌కు ముందు చెప్పి, వీలైతే ఆయనను వెంటబెట్టుకుని వెళ్లండి. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి, నిలబడి చెప్పకండి. "అమ్మా, ఆ రోజు మీకు కళ్లు తిరిగింది జబ్బు వల్ల కాదు. నేను మందు ఎక్కువ ఇచ్చాను. నా పొరపాటు. వెంటనే సరిచేశాం, దానివల్ల మీకు ఇక ముందు ఏ ఇబ్బందీ ఉండదు. సిరంజిలు కలవకుండా వార్డులో మార్పు చేశాం. ఇన్సులిన్ మీకు పడుతుంది, మానకండి." ఇంతే చెప్పి, ఆమెనూ వాళ్లబ్బాయినీ అడగనివ్వండి. కోపం వస్తే రానివ్వండి. ఆమె ఈపాటికే ఇంటికి వెళ్లిపోయి ఉంటే, మందుల కోసం నెలకోసారి ఓపీకి వస్తుంది. ఆ రోజు మీ డ్యూటీ ఎక్కడున్నా పావుగంట అడిగి ఓపీకి వెళ్లండి.